పనిచోట ఎవరు ఎవరికి తోడవుతున్నారో తెలుసుకోవడం ఎలా?

"మీ టీమ్‌లో సహకారం ఎలా ఉంది?" అని అడిగితే ఎవరైనా "బాగానే ఉందండీ" అనే అంటారు. ఫారం ఇచ్చి ఐదుకి మార్కులు వేయమంటే నాలుగు వేసేసి పనిలో పడతారు. అసలు సంగతి తెలియాలంటే పక్కన కూర్చుని చూడాలి, తీరిగ్గా వినాలి. ప్రాజెక్టు కోసం ఇలాంటి అధ్యయనం మొదలుపెడుతుంటే ఈ వరసలో వెళ్లండి.

1. ఒక్క ఘట్టం ఎంచుకోండి. "సంస్థలో సహకారం" అనుకుంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. ఆసుపత్రిలో నర్సుల డ్యూటీ మారే అరగంట లాంటిది చాలు.

2. అనుమతి అడగండి. యాజమాన్యం సరేనంటే సరిపోదు. మేనేజరు పక్కన లేనప్పుడు ప్రతి ఒక్కరినీ విడిగా అడగాలి, వద్దన్నవాళ్లను వదిలేయాలి. పేర్లు మార్చడం తేలికే. కానీ ముగ్గురే ఉన్న సెక్షన్‌లో "సీనియర్ క్లర్కు" అని రాస్తే ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

3. అడగడం తర్వాత, ముందు చూడండి. చికాగో దగ్గర వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ ఫ్యాక్టరీ ఉండేది. 1931 నవంబరు నుంచి 1932 మే వరకు అక్కడ 14 మంది పనివాళ్లున్న గదిలో ఒక పరిశీలకుడు ఊరికే కూర్చున్నాడు. జట్టు ఎంత చేస్తే అంత కూలి. అయినా ఎవరైనా మరీ జోరుగా చేస్తే తోటివాళ్లు జబ్బ మీద ఒక గుద్దు గుద్దేవారు. ఎక్కువ చేసి చూపిస్తే రేటు తగ్గిస్తారేమోనని వాళ్ల భయం. ఆ గుద్దు ఏ ఫారంలో దొరుకుతుంది?

నేనైతే మొదటిసారి ఒక వార్డులో కూర్చుని, రిజిస్టరులో ఉన్నదే రెండు రోజులు రాసుకున్నాను: బీపీ, సెలైన్, మందులు. మూడో రోజు, రిజిస్టరు మూసేశాక, చిన్న నర్సు వెళ్తూ వెళ్తూ అంది: "ఏడో బెడ్ తాతకు సూదంటే భయం. ముందు మనవడి ముచ్చట తియ్యక్కా, చెయ్యి ఇస్తాడు." నాకు కావాల్సింది అదీ! కాబట్టి చిన్న నోట్‌బుక్ దగ్గరుంచుకోండి. మాటలు అన్నవి అన్నట్టే రాసుకుని, మీ ఊహలను వేరే పేజీలో పెట్టండి. ఏ రోజు నోట్సు ఆ రోజే పూర్తి చేయాలి, రేపటికి సగం మర్చిపోతాం.

4. అప్పుడు మాట్లాడించండి. "మీరు సాయం చేస్తారా?" అని కాదు, "నిన్న పని ఎక్కడ ఆగింది? ఎవరి దగ్గరికి వెళ్లారు?" అని అడగండి. మాట పక్కదారి పడితే పడనివ్వండి. హాథార్న్‌లోనే 1928లో ప్రశ్నల పట్టికతో ఇంటర్వ్యూలు మొదలుపెట్టారు. జనం తమకు తోచిందే చెబుతుంటే, మరుసటి ఏడాది పట్టిక పక్కన పెట్టేసి వినడం మొదలుపెట్టారు. అరగంట ఇంటర్వ్యూలు గంటన్నర దాకా సాగాయి.

5. నోట్సు రెండుసార్లు చదివి, ఒకే రకం సంఘటనలను చీటీల మీద రాసి గుట్టలు చేయండి. ఏ గుట్టలోనూ ఇమడని చీటీని పారేయకండి.

6. తేలింది వాళ్లకే చూపించండి. నేను ఏడో బెడ్ సంగతిని "సాయం" గుట్టలో పెట్టాను. ఆ నర్సు చదివి నవ్వింది: "సాయం ఏంది సార్? అది చెప్పకపోతే రాత్రంతా నాకే ఫోన్లు." ఇంటికెళ్లి ఆ గుట్టంతా మళ్లీ విప్పాను.