మత వాక్యాలను తర్కంతో చదవడం – 3వ పాఠం: శ్లోకం సగంలో ఆగొద్దు

గత పాఠంలో మూడు వైఖరులు చూశాం. సత్యం మా దారిలోనే ఉందనేది ఏకమార్గవాదం. ఇతరుల దారిలోనూ ఉంది గానీ అది మా సత్యంలోని భాగమేననేది అంతర్భావవాదం. దారులన్నీ వాటంతటవే గమ్యం చేరుస్తాయనేది బహుమార్గవాదం. ఈసారి అసలు వాక్యాలు పట్టుకుని ఏది ఏదో తేలుద్దాం.

ముందు వాక్యాన్ని, దాని ముందువెనకలతో సహా కాగితం మీద రాసుకోండి. రెండు ప్రశ్నలు వేయండి: ఇతరుల ఆరాధనకు విలువ ఉందంటోందా? ఉంటే, ఆ విలువ ఎక్కడిది?

భగవద్గీత 9.23 తీసుకోండి. ఇతర దేవతలను శ్రద్ధతో కొలిచేవారూ నన్నే కొలుస్తున్నారంటాడు కృష్ణుడు. మతాలన్నీ సమానమనడానికి దీన్నే చూపేవారు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. శ్లోకం మాత్రం ‘యజంత్యవిధిపూర్వకమ్’ అని ముగుస్తుంది: కొలుస్తున్నారు, కానీ విధి ప్రకారం కాదు. 24వ శ్లోకం ఇంకా స్పష్టం. యజ్ఞాలన్నిటికీ భోక్తను, ప్రభువును నేనే. వాళ్లు నన్ను ఉన్నదున్నట్టు ఎరగరు, అందుకే జారిపోతారు. మొదటి ప్రశ్నకు జవాబు ‘ఉంది’. రెండోదానికి ‘కృష్ణుడి నుంచే’. కాబట్టి ఇది అంతర్భావవాదం. ఎంత ఉదారంగా ఉన్నా బహుమార్గవాదం కాదు.

‘ఏకం సద్విప్రా బహుధా వదంతి’ (ఋగ్వేదం 1.164.46) విషయంలో పొరపాటు మరో రకం. ఆ ఋక్కులో ఉన్న పేర్లు ఇంద్రుడు, మిత్రుడు, వరుణుడు, అగ్ని, యముడు, మాతరిశ్వుడు వంటివి; అన్నీ వేద దేవతలవే. దాన్ని ఇతర మతాలకు విస్తరించవచ్చు, ఆ విస్తరణ అందమైనదే. అయితే అది మీరు ఊహించి చేర్చిన అర్థమని పక్కన రాసుకోవాలి. ఋక్కు నోట పెట్టకూడదు.

1965 అక్టోబరు 28న రెండో వాటికన్ మహాసభ వెలువరించిన ‘నోస్త్రా ఎతాతే’ ప్రకటననూ ఇలాగే చదవండి. ఇతర మతాల్లోని సత్యాన్ని, పవిత్రతను కథోలిక సంఘం తిరస్కరించదని అందులో ఉంది. ఆ వెంటనే, క్రీస్తే మార్గమని ప్రకటించడం తన విధి అనీ ఉంది. ఒక్క వాక్యమే ఎత్తి చూపితే రెండు వైపులా అన్యాయమే.

ఏకమార్గవాది అని తేలినంత మాత్రాన అసహనపరుడని రాయకండి. తన దారే సత్యమని నమ్ముతూ పొరుగువాడి ఆరాధనా హక్కు కోసం నిలబడేవారు ఉంటారు. అది వేరే కొలత.

ఇందులో తర్కం పని ఎంతవరకు? నిప్పు చల్లనిదని వంద శ్రుతులు చెప్పినా ప్రమాణం కావని గీత 18.66 భాష్యంలో శంకరులు రాశారు. బ్రహ్మసూత్రం 2.1.11 భాష్యంలో ఆయనే, ఆగమం (శ్రుతి) తోడులేని వట్టి తర్కం నిలవదన్నారు. ఈ రెండూ ఎలా పొసగుతాయో 4వ పాఠంలో చూద్దాం.

అభ్యాసం: ఖురాన్ 2:62, 3:85 వాక్యాలను పక్కపక్కన రాసి, రెండు ప్రశ్నలూ విడివిడిగా వేయండి. జవాబులు కలవకపోతే కలపడానికి తొందరపడకుండా, ఎక్కడ విడిపోతున్నాయో గీత గీసి పెట్టుకోండి.