నిరాశపరిచిన గేమ్‌కు సమీక్ష రాయడం – 5వ పాఠం: ‘ల్యాగ్’ అని రాసి వదిలేయకండి

పోయిన పాఠం చివర మీకు ఒక పని ఇచ్చాను. పైసలు పెట్టి కొనో, నెలల తరబడి ఎదురుచూసో ఆడి, చివరికి ఉసూరుమన్న ఒక గేమ్ గురించి 150 మాటల్లో రాయమన్నాను. 19 మంది రాసి పంపారు. దేవరకొండ, జడ్చర్ల, అచ్చంపేట, మిర్యాలగూడ నుంచి వచ్చాయి. అన్నీ రెండేసిసార్లు చదివాను. 14 సమీక్షల్లో ‘ల్యాగ్’ (ఆట ఆగి ఆగి, ఆలస్యంగా నడవడం) అన్న మాట ఉంది. ఆ 14లో ఒక్కదాంట్లోనూ ఏది ఆగింది, ఎప్పుడు ఆగింది, ఏ ఫోన్‌లో ఆగింది అన్నది లేదు.

అందుకే కథ, ముగింపు నచ్చకపోతే ఎలా రాయాలన్న పాఠాన్ని వచ్చేసారికి జరుపుతున్నాను. ‘నిరాశను దాచకుండా సూటిగా చెప్పండి’ అని పోయినసారి నేనే గట్టిగా చెప్పాను. మీరు సూటిగానే చెప్పారు. దేన్ని చూసి నిరాశపడ్డారో చూపించమని మాత్రం నేను అంత గట్టిగా చెప్పలేదు. ఆ లోటు ఇవాళ పూడుద్దాం.

మా నాయన మునుగోడు వైపు పత్తి వేస్తాడు. ఒక ఏడు విత్తనం సరిగ్గా మొలవలేదు. ‘విత్తనం ఖరాబుది సార్’ అని ఆఫీసుకు పోతే, అక్కడి అధికారి అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. లాట్ నంబరు ఎంత? ఏ రోజు పెట్టారు? అంతకుముందు వాన ఎంత పడింది? సాలుకు ఎన్ని పెడితే ఎన్ని మొలిచాయి? పక్క చేనులో ఇదే విత్తనం ఎట్లుంది? మా నాయన ఖాళీ ప్యాకెట్లు దాచి ఉంచాడు కాబట్టి జవాబు చెప్పగలిగాడు. ఆయన కోపమూ నిజమే, నష్టమూ నిజమే. అయినా కాగితం మీదికి ఎక్కింది ఆ లాట్ నంబరు, ఆ మొలకల లెక్క.

గేమ్ గురించి రాసేముందు నేను ఈ ప్రశ్నలే వేసుకుంటాను. లాట్ నంబరు అంటే మనకు వెర్షన్ నంబరు. సెట్టింగ్స్‌లోనో, మొదటి తెర మూలనో ఉంటుంది. నేల అంటే మన ఫోనో, కంప్యూటరో. వాన అంటే నెట్. పక్క చేను అంటే అదే గేమ్ పెట్టుకున్న దోస్తు ఫోను. గేమ్ పేరు, ధర రాయాలని వేరే చెప్పనక్కర్లేదు.

నేల సంగతి రాయకపోతే ఎంత గందరగోళం అవుతుందో సైబర్‌పంక్ 2077 అనే గేమ్ విషయంలో చూశాం. అది 2020 డిసెంబర్ 10న విడుదలైంది. అంతకుముందు సమీక్షకుల చేతికి వచ్చింది పీసీ వెర్షన్ మాత్రమే. మంచి పీసీల మీద ఆడినవాళ్లలో ఎక్కువమంది, బగ్‌లు ఉన్నాయని చెబుతూనే, మెచ్చుకున్నారు. అదే గేమ్ టీవీకి కలిపి ఆడే పాత కన్సోళ్లయిన సోనీ ప్లేస్టేషన్ 4లో, ఎక్స్‌బాక్స్ వన్‌లో తడబడింది, మధ్యలో మూతపడింది. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి తీసేసింది. 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ చాలా మార్చింది, అయితే ఆ పాత కన్సోళ్లకు ఆ అప్‌డేట్ రానేలేదు. ‘బాగుంది’ అన్నవాళ్లూ అబద్ధం చెప్పలేదు, ‘బాగాలేదు’ అన్నవాళ్లూ అబద్ధం చెప్పలేదు. తేదీ, వెర్షన్, యంత్రం పక్కన లేకపోతే రెండింటిలో ఏది తనకు వర్తిస్తుందో కొనేవాడికి తెలియదు.

ఇంకో చిన్న సవరణ. నలుగురు ఫౌజీ గేమ్ గురించి రాశారు. నలుగురూ ‘పబ్‌జీలా లేదు’ అన్నారు. పబ్‌జీ మొబైల్‌ను మన దేశంలో 2020 సెప్టెంబర్ 2న నిషేధించారు. ఆ వెంటనే ఫౌజీ ప్రకటన వచ్చింది, 2021 జనవరి 26న గేమ్ వచ్చింది. పబ్‌జీ లేని లోటును ఇది తీరుస్తుందని మనమే అనుకున్నాం. చేతికి వచ్చింది గాల్వాన్ లోయ నేపథ్యంలో చేతులతో, దొరికిన ఆయుధాలతో కొట్లాడే కథ. మనం ఆశపడింది వేరు, వాళ్లు మాట ఇచ్చింది వేరు. ఈ రెంటినీ రెండు వాక్యాల్లో రాయండి, ఒకే వాక్యంలో కలపకండి. ‘పబ్‌జీలా లేదు’ అన్నది మీ ఆశ గురించిన మాట. ‘అవే దెబ్బలు, వరసగా అదే రకం శత్రువులు, అరగంటకే విసుగొచ్చింది’ అంటే అది గేమ్ గురించిన మాట. రెండో రకం వాక్యం రాసినవాళ్లు ఆ నలుగురిలో ఒక్కరే. ఆ అమ్మాయి సమీక్ష నాకు బాగా నచ్చింది.

ఇక ల్యాగ్

ఈ మాట మీద నాకు కోపం ఉంది. ఎందుకంటే వేర్వేరు జబ్బులన్నిటికీ మనం ‘జ్వరం’ అన్నట్టు ఒకే పేరు పెడుతున్నాం. చదివేవాడికి ఏ మందు కావాలో తెలియదు. ‘ల్యాగ్ ఎక్కువ’ అని చదివి ఒకడు గేమ్ కొనడం మానేస్తాడు. నిజానికి ఆ ల్యాగ్ రాసినవాడి ఇంట్లో సిగ్నల్ సరిగా లేకపోవడం వల్ల వచ్చి ఉండొచ్చు. అప్పుడు మన సమీక్ష అతనికి అన్యాయం చేసినట్టు, గేమ్ చేసినవాళ్లకూ అన్యాయం చేసినట్టు.

మొదటి జబ్బు నెట్‌ది. మీ ఫోన్ నుంచి ఆట నడిపే కంపెనీ కంప్యూటర్ (సర్వర్) దాకా కబురు పోయి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటాం. తెర మీద మూలన మిల్లీసెకన్లలో చూపిస్తుంది. పింగ్ పెరిగితే ఎట్లా గుర్తుపట్టాలి? మీరు కెమెరా తిప్పితే నున్నగా తిరుగుతుంది, చెట్లు, ఇళ్లు బాగానే కదులుతాయి. ఎదుటి ఆటగాళ్లు మాత్రం ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతారు. మీరు కాల్చిన గుండు తగిలినట్టే కనిపించి తగలదు. మీరు ముందుకు పరిగెత్తితే ఎవరో లాగినట్టు మళ్లీ వెనక్కి వచ్చి పడతారు. నల్లమల అంచు ఊళ్ల నుంచి ఆడేవాళ్లు ఇది ముందుగా చూసుకోవాలి. గేమ్‌ను తిట్టేముందు వేరే సిమ్‌తో, వేరేచోట ఒకసారి ఆడండి.

రెండోది ఫ్రేములది, అంటే తెర మీద వరసగా మారే బొమ్మలది. ఇక్కడ మీ కెమెరాయే తడబడుతుంది. నెట్ అక్కర్లేని గేమ్‌లో కూడా తడబడుతుంది, అదే దీనికి గట్టి రుజువు. సెకనుకు 60 ఫ్రేములు అంటే ఒక్కో బొమ్మకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 30 అంటే 33 మిల్లీసెకన్లు. చాలామంది ఫ్రేములు లెక్కపెట్టే మీటరు పెట్టుకుని ‘50 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 50 ఫ్రేములు) వస్తుంది, బాగానే ఉంది’ అని రాశారు. జర లెక్క చూడండి. ఒక సెకనులో 48 ఫ్రేములు సరిగ్గా వచ్చాయి, అంటే 800 మిల్లీసెకన్లు. 49వ ఫ్రేము ఒక్కటే 200 మిల్లీసెకన్లు ఆగింది. మీటరు 49 చూపిస్తుంది. కానీ సెకనులో ఐదో వంతు సేపు తెర బిగుసుకుపోయింది, సరిగ్గా ఆ సమయంలోనే మిమ్మల్ని ఎవరో కొట్టారు. సగటు అంకె ఆ దెబ్బను దాచేస్తుంది. అందుకని అంకెతో పాటు ‘తలుపు తీసిన ప్రతిసారీ ఒక క్షణం ఆగుతుంది’ అని రాయండి. నేనైతే అంకె కంటే ఈ వాక్యానికే ఎక్కువ విలువ ఇస్తాను.

మూడోది వేడి. దీన్ని ఒక్కరు కూడా రాయలేదు. నల్లగొండలో మే నెల, రేకుల గది, ఛార్జింగ్ పెట్టి ఆట. ఫోన్ వేడెక్కితే లోపలి చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు బాగుండి, ఇరవయ్యో నిమిషంలో తడబాటు మొదలైతే ముందు వేడిని అనుమానించండి. నేను పొద్దుగాల ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి అదే స్థాయిని ఆడి చూస్తాను. రెండుసార్లూ ఒకేచోట ఆగితే అది గేమ్ తప్పే అని ధైర్యంగా రాస్తాను. మధ్యాహ్నం మాత్రమే ఆగితే, ఫోన్ పేరు, వేళ రెండూ రాస్తాను. మన దగ్గర ఆడేవాళ్లు ఇట్లాంటి ఎండలోనే ఆడతారు కాబట్టి, ఆ సంగతి వాళ్లకు పనికొస్తుంది.

నాలుగోది వేలికీ తెరకూ మధ్య, చెవికీ కంటికీ మధ్య ఉండే ఆలస్యం. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే శబ్దం వందకు పైగా మిల్లీసెకన్లు వెనకబడడం మామూలే. అడుగుల చప్పుడు ఆలస్యంగా వినబడిందని గేమ్‌ను తిట్టకండి. వైరు ఉన్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వినండి. టీవీకి కన్సోల్ కలిపి ఆడేవాళ్లు టీవీలో ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ వేశారో లేదో చూసుకోవాలి.

కాబట్టి నాకు పంపే సమీక్షల్లో ఇకనుంచి ‘ల్యాగ్’ అన్న మాట రానివ్వను. ‘తెర బిగుసుకుంది’, ‘ఎదుటివాళ్లు గెంతారు’, ‘నొక్కిన తర్వాత ఆలస్యంగా దూకాడు’, ‘శబ్దం వెనకబడింది’. మన తెలుగులో ఇన్ని మాటలున్నాయి, ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతుంది.

ఎందుకు అన్నది ఊహించకండి

14లో తొమ్మిదింట్లో ‘డెవలపర్లు బద్ధకంగా చేశారు’ అని కూడా ఉంది. వాళ్ల ఆఫీసులో ఏం జరిగిందో మనం చూడలేదు. 2013లో వచ్చిన ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్ అనే గేమ్‌లో రాకాసులు దారి తప్పినట్టు తిరుగుతూ, ఎదురుగా వచ్చి నిలబడేవి. సమీక్షకులు దాన్ని గట్టిగా విమర్శించారు. ఐదేళ్ల తర్వాత, 2018లో, ఒక సంగతి అందరికీ తెలిసింది. గేమ్ సెట్టింగ్స్ ఫైల్లో ‘టెదర్’ అన్న మాట స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎక్కువ పడింది. దాన్ని సరిచేస్తే రాకాసుల నడక మెరుగుపడింది. 2013లో ‘రాకాసులు తెలివిలేకుండా ఎదురుగా వచ్చి నిలబడుతున్నాయి’ అని రాసిన సమీక్ష ఇవాళ్టికీ చెల్లుతుంది. ‘బద్ధకం’ అని రాసినది చెల్లదు. ఆ గేమ్‌లో మిగతా లోపాలు ఉన్నాయి, అక్షరం దిద్దితే అది గొప్ప గేమ్ ఏమీ అయిపోలేదు. మీరు చూసింది రాయండి, చూడని కారణాన్ని వదిలేయండి.

నా అలవాట్లు కొన్ని అడిగారు. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఏదైనా తేడా రాగానే టైము రాసుకుంటాను. ఓడిపోయిన రాత్రి సమీక్ష రాయను, తెల్లారి రాస్తాను. ఐదులో ఇన్ని నక్షత్రాలు అని ఇవ్వను. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్నప్పుడు 14 రోజుల్లోపు, రెండు గంటలకు తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. అందుకని మొదటి రెండు గంటల్లో కనబడే లోపాలను విడిగా, ముందే రాస్తాను. కొన్నవాడికి అవి తెలియాల్సింది అప్పుడే.

అభ్యాసం

ఇది కష్టంగానే ఉంటుంది, వారం టైము తీసుకోండి. పోయినసారి మీరు రాసిన గేమ్‌నే మళ్లీ తెరవండి. అదే స్థాయిని, లేదా అదే మ్యాప్‌ను, నాలుగుసార్లు ఆడండి: పొద్దున చల్లగా ఉన్నప్పుడు, మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టి, వేరే నెట్‌తో, వైరు ఇయర్‌ఫోన్స్‌తో. వీలైతే ఐదోసారి దోస్తు ఫోన్‌లో. ప్రతిసారీ ఏది ఆగిందో, ఎన్నో నిమిషంలో ఆగిందో రాసుకోండి. తర్వాత 120 మాటల సమీక్ష రాయండి. ల్యాగ్, చెత్త, వేస్ట్, బద్ధకం అన్న మాటలు అందులో ఉండకూడదు. మొదటి వాక్యంలోనే వెర్షన్ నంబరు, ఫోన్ మోడల్ ఉండాలి. సమీక్షతో పాటు మీ నోట్‌బుక్ పేజీ ఫొటో కూడా పంపండి, నేను ముందు చదివేది ఆ పేజీనే.