అమ్మేసిన అంబాసిడర్ ఇప్పుడు ఎక్కడుంది?

నాన్నగారు ఎప్పుడో అమ్మేసిన అంబాసిడర్‌ను మళ్లీ చూడాలనిపిస్తే ముందుగా దాని ఛాసిస్ నంబరు, అంటే బండి చట్రం మీద కొట్టి ఉండే నంబరు, వెతకండి. బండి వేరే రాష్ట్రంలో రిజిస్టర్ అయితే ప్లేటు మీది నంబరు మారిపోతుంది, ఛాసిస్ నంబరు మారదు. పాత ఆర్‌సీ జిరాక్సులోనో, ఇన్సూరెన్స్ కాగితంలోనో అది ఉంటుంది. బీరువా అడుగున ఉన్న ఫైళ్లు ఒక్కటీ వదలకండి. పాత ప్లేటు నంబరును, బండ్ల వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో కూడా కొట్టి చూడండి. కానీ అంత పాత బండ్ల వివరాలు చాలావరకు కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. అప్పుడు మొదట రిజిస్టర్ చేసిన ఆర్టీఓ ఆఫీసులో, బండిని వేరే చోటికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్ఓసీ ఏ ఊరికి ఇచ్చారో అడగాలి.

నన్నడిగితే, అంతకంటే ముందే ఆ బండి చూసిన మెకానిక్ దగ్గరికి వెళ్లండి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కదా, ఇప్పటికీ దాన్ని నడిపేవాళ్లు స్పేర్ పార్టుల కోసం తిరిగేది అలాంటి పాత షెడ్ల చుట్టూనే.