వరంగల్ చుట్టుపక్కల రాళ్లలో బంగారం జాడ: ఎక్కడ చూడాలి, ఎక్కడ చూడక్కర్లేదు

హన్మకొండ గుట్టల్లో మెరిసే రాయి దొరికితే ముందు సూదితో గుచ్చి చూడండి. పొరలు పొరలుగా లేస్తే కాకిబంగారం (అభ్రకం), పొడై రాలితే పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన, పసుపుగా మెరిసే ఖనిజం. గుంట పడి, ముక్క విరగకుండా అలాగే ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం. దాదాపు ఎప్పుడూ మొదటి రెండే అవుతాయి, ఎందుకంటే అసలు బంగారం అలా కంటికి మెరిసేంతగా రాయిలో ఉండటం చాలా అరుదు.

భూమి పైపొరలో సగటున టన్ను రాయికి నాలుగైదు మిల్లీగ్రాములకు మించదు. గని నడవాలంటే టన్నుకు గ్రాముల్లో కావాలి. మరి అన్ని వందల రెట్లు ఒకచోట ఎలా చేరుతుంది? భూమి లోతుల్లో 250 నుంచి 400 డిగ్రీల వేడి నీరు గంధకంతో కలిసి బంగారాన్ని కరిగించుకుని, పగుళ్ల వెంట పైకి వస్తుంది. దారిలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గినా, ఇనుము ఎక్కువున్న రాయి తగిలి నీటిలోని గంధకాన్ని లాగేసుకున్నా బంగారం అక్కడే దిగిపోతుంది. పైరైట్, బంగారం తరచూ జంటగా కనిపించేది అందుకే.

కాబట్టి మొదట మ్యాప్ తీయండి. జీఎస్ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో మీ మండలం వెతికి రాయి రకం చూడండి. వరంగల్, హన్మకొండ, జనగామ వైపు ఎక్కువగా గ్రానైట్, నీస్ (వేడికి, ఒత్తిడికి మారి చారలు పడిన రాయి). వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కర్ణాటకలోని హట్టి, కోలార్ గనులున్న పురాతన భూఖండమే ఇదీ, కానీ అక్కడ బంగారం దొరికింది గ్రానైట్‌లో కాదు, దాని మధ్యలో పట్టీల్లా చిక్కుకున్న పాత లావా రాళ్లలో, అంటే షిస్ట్ బెల్టుల్లో. మన దగ్గర అలాంటి పెద్ద పట్టీ లేదు, గ్రానైట్‌లో ఇరుక్కున్న సన్నటి నల్లని ఆంఫిబోలైట్ (పాత లావా రాయి మారి ఏర్పడేది) చారలుంటే వాటినే చూడాలి. నర్సంపేట, పాకాల వైపు ఇసుకరాయి, సున్నపురాయి, షేల్ (గట్టిపడిన బురద రాయి). భూపాలపల్లి, రామగుండం బొగ్గు పొరలు 25–30 కోట్ల ఏళ్ల కిందటి నదులు, చిత్తడి నేలల్లో పేరుకున్నవి. ఈ రెండు వైపులా ఈ రకం బంగారం కోసం టైమ్ పెట్టకండి.

తర్వాత గీతలు. శాటిలైట్ ఫోటోలో వాగులు, గుట్టల వరసలు తిన్నగా సాగిన చోట్లు గుర్తు పెట్టుకోండి. వీటిలో చాలావరకు డోలరైట్ డైకులే (పగుళ్లలోకి వచ్చి గడ్డకట్టిన శిలాద్రవపు గోడలు) అయి ఉంటాయి, నల్లరాళ్లు వరసగా పేర్చినట్టు కనిపించే గుట్టలు, వాటిని వదిలేయండి. మనకు కావలసింది షియర్ జోన్: గింజలు సాగి, రాయి ఆకుల్లా చీలేలా నలిగిన చోటు. అది తిన్నగా పోతున్నంతసేపూ పెద్దగా ఆశ ఉండదు, కానీ వంపు తిరిగినా, ఇంకో పగులుతో కలిసినా, గట్టి రాయి మెత్తటి రాయిని ఆనుకున్నా అక్కడ ఖాళీలు తెరుచుకుంటాయి, వేడి నీరు అక్కడే ఆగుతుంది. నన్నడిగితే మొత్తం పనిలో ఇదే ముఖ్యం, జనం మాత్రం ఇదే వదిలేసి పలుగురాయి వెంట పడతారు. శుభ్రంగా పాలలా తెల్లగా ఉన్న పలుగురాయి చాలాసార్లు ఖాళీయే. తుప్పు రంగు పట్టి, పైరైట్ కరిగిపోయిన చిన్న చిన్న తొర్రలున్నదీ, ఆంఫిబోలైట్ చారను తాకే అంచు దగ్గరిదీ చూడండి.

వాగులో అయితే లెక్క వేరు. బంగారం సాంద్రత 19.3, పలుగురాయిది 2.65. నీటి వేగం తగ్గే చోట, అంటే వంపు లోపలివైపు, పెద్ద బండల వెనక, అడుగు రాతి పగుళ్లలో దిగుతుంది. కడిగితే మిగిలే నల్ల ఇసుక మ్యాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం), అది మామూలు గ్రానైట్ నుంచీ వస్తుంది, అందుకే దాన్ని చూసి సంబరపడకండి. రేణువు కనిపిస్తే ఎగువకు పోతూ ప్రతి పాయ కలిసే చోటా చూడాలి, రేణువులు ఆగిపోయిన చోటుకూ, చివరిసారి కనిపించిన కింది చోటుకూ మధ్యనే మూలం.

ఇది పద్ధతి తెలియడానికే. 1957 గనుల చట్టం ప్రకారం అన్వేషణకైనా తవ్వకానికైనా లైసెన్స్ ఉండాలి, ములుగు, ఏటూరునాగారం వైపైతే అటవీ శాఖతో అదనపు టెన్షన్. రాళ్లు చదవడం మాత్రమే నేర్చుకోవాలనుంటే ఒకసారి గద్వాల వెళ్లండి, షిస్ట్ బెల్ట్ గ్రానైట్‌ను ఎక్కడ ఆనుకుంటుందో మ్యాప్‌లో చూసుకుని ఆ అంచు వెంట నడవండి.