పాత కారు తాళంచెవి అరిగినా, పోయినా: చెన్నైలో కొత్తది చేయించుకునే పద్ధతి

ఇగ్నిషన్‌లో చెవి పెట్టి నాలుగుసార్లు అటూ ఇటూ ఆడిస్తే తప్ప తిరగడం లేదా? బండి నడుస్తుండగానే చెవి చేతికి ఊడి వస్తోందా? అయితే అది ఇంకా పనిచేస్తున్న ఈ రోజుల్లోనే కొత్తది చేయించాలి. చేతిలో ఒక్క చెవైనా ఉంటే అది అరగంట పని. ఒక్కటీ లేకపోతే తలుపు విప్పాలి, తాళం విప్పాలి, చెవిలో చిప్ ఉన్న కారైతే దాని కంప్యూటర్‌నూ కదిలించాలి.

అయితే ఆ అరిగిన చెవినే పట్టుకెళ్ళి నకలు తీయించకండి. యంత్రం చూపించినదాన్నే కోస్తుంది. పాతదానికున్న అరుగుదలంతా కొత్తదానికి దిగుతుంది, కోతలో వచ్చే చిన్న తేడా దానికి తోడవుతుంది. నకలుకు నకలు తీయిస్తే తేడా మరింత పెరుగుతుంది. కొత్త చెవి మెరుస్తూ ఉంటుంది గానీ, పాతదానికంటే మొండిగా తిరుగుతుంది.

కారణం తాళం లోపల ఉంది. బ్యారెల్‌లో, అంటే చెవితో పాటు తిరిగే గొట్టంలో, సన్నని ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి, వాటిని వేఫర్లంటారు. ఒక్కొక్కదానికీ ఒక చిన్న స్ప్రింగు. సరైన చెవి దూరినప్పుడు రేకులన్నీ బ్యారెల్ అంచుకు సమంగా సర్దుకుంటాయి, అప్పుడే అది తిరుగుతుంది. పళ్ళ లోతులు చాలావరకు నాలుగైదు రకాలే, ఒక్కో లోతు ఒక మెట్టు. పక్కపక్క మెట్ల మధ్య తేడా చాలా కార్లలో అర మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. చెవి పావు మిల్లీమీటరు అరిగిందంటే రేకు రెండు మెట్ల మధ్య ఇరుక్కుంటుంది. మనం ఆడించినప్పుడల్లా అది అనుకోకుండా సరైన చోట పడుతుందంతే.

ముందు కొలత సంపాదించండి

కావలసింది ఫ్యాక్టరీలో కోసిన నాటి లోతులు. వాటిని తెలిపేది చెవి నంబరు. చాలా కంపెనీలు కొత్త కారు ఇచ్చేటప్పుడు చెవులతో పాటు ఒక చిన్న రేకు బిళ్ళ ఇస్తాయి, నంబరు దాని మీద ఉంటుంది. డెలివరీ కాగితాల కవరు, సర్వీస్ పుస్తకం వెనక అర వెతకండి. కారు నెల్లూరులోనో తిరుపతిలోనో నాన్నగారు కొన్నదైతే బిళ్ళ అక్కడి బీరువాలోనే ఉండిపోయి ఉండవచ్చు, ఫోన్ చేసి వెతికించండి. కొన్ని కార్లలో నంబరు చెవి మీదే చెక్కి ఉంటుంది, కొన్నింటిలో తలుపు తాళం బ్యారెల్ మీద ఉంటుంది.

నంబరు దొరకకపోతే, వాడకుండా దాచిన రెండో చెవి మీకు మూలం. అదీ లేకపోతే తలుపు తాళం విప్పించి రేకులు చదివించాలి. చాలా రేకుల మీద వాటి మెట్టు అంకె అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకెల వరసే చెవి కొలత. పళ్ళ లోతును వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలిచి, దగ్గరి ప్రామాణిక మెట్టుకు సరిచేసి కోసే పనివాళ్ళూ ఉన్నారు. చెవి మరీ అరగకపోతే ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది.

చిప్ ఉందో లేదో

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 లాంటి వాటికి చెవి అంటే లోహం ముక్కే. 2000 తర్వాతి కార్ల సంగతి మోడల్‌ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. ఇగ్నిషన్ ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డులో చెవి బొమ్మో, తాళం వేసిన కారు బొమ్మో రెండు క్షణాలు వెలిగి ఆరితే ఇమ్మొబిలైజర్, అంటే చెవిలోని చిప్‌ను గుర్తిస్తేనే ఇంజిన్‌ను నడవనిచ్చే ఏర్పాటు, ఉన్నట్టు. మారుతి దీన్ని ఐక్యాట్స్ అని పిలిచింది. ఇంకా అనుమానంగా ఉంటే చెవి ప్లాస్టిక్ తలకు వంటింటి అల్యూమినియం రేకు మూడు నాలుగు చుట్లు చుట్టి ఒక్కసారి స్టార్ట్ చేయండి. ఇంజిన్ అందుకోకపోయినా, అందుకుని వెంటనే ఆగిపోయినా చిప్ ఉన్నట్టే. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించవద్దు, కొన్ని కార్లు కాసేపు మొరాయిస్తాయి.

చిప్‌కు బ్యాటరీ ఉండదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే దానికి శక్తి అందుతుంది. అందుకే రిమోట్ బ్యాటరీ అయిపోయినా బండి స్టార్ట్ అవుతుంది. రిమోట్ ఒక్కటే పనిచేయకపోతే ముందు లోపలి నాణెం బ్యాటరీ మార్చండి. దాని నంబరు, సీఆర్2032 అనో సీఆర్1620 అనో, బ్యాటరీ మీదే ఉంటుంది. బటన్ కింది స్విచ్ పోతే రిచీ స్ట్రీట్‌లో అదే కొలత స్విచ్ దొరుకుతుంది, టంకం వేయగలిగినవాళ్ళకు చిన్న పని. పెట్టె పగిలి కొత్తది వేసుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త: చాలా చెవుల్లో చిప్ విడిగా, నల్లటి చిన్న ముక్కలా ఒక మూల అంటుకుని ఉంటుంది. అది పాత పెట్టెతో పాటు చెత్తబుట్టలో పడితే కారు కదలదు.

కొట్లో చూసుకోవలసినవి

చెన్నైలో కారు విడిభాగాలకు పుదుపేట, అలంకరణ సామానుకు జీపీ రోడ్డు. తాళాల పనివాళ్ళు టీ నగర్, వడపళని లాంటి చోట్ల రోడ్డు పక్కనే కనిపిస్తారు. తమిళంలో చెవిని సావి అంటారు, తాళాన్ని పూట్టు అంటారు. ‘సావి తేంజు పోచ్చు, నంబర్ వెచ్చు కట్ పణ్ణుంగ’ అంటే చెవి అరిగిపోయింది, నంబరు ప్రకారం కోయండి అని. ఆ మాట అనగానే పనివాడు ఏ యంత్రం దగ్గరికి వెళ్తాడో చూడండి. పాత చెవినే బిగించబోతే, అతని దగ్గర నంబరుతో కోసే సాధనం లేనట్టు. అక్కడ ఆగిపోండి.

బ్లాంక్, అంటే పళ్ళు కోయని చెవి, పక్క గాడులతో సహా పాతదానికి అచ్చంగా సరిపోవాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి మొన వైపు నుంచి చూడండి. కోయకముందే బ్లాంక్‌ను తాళంలో దూర్చి చూస్తే ఇంకా మంచిది, చివరిదాకా ఒత్తిడి లేకుండా వెళ్ళాలి. నికెల్ పూత వేసిన ఇత్తడి బ్లాంక్ అడగండి. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే అది ఉక్కు. ఉక్కు చెవి తాను అరగకుండా లోపలి ఇత్తడి రేకుల్ని అరగదీస్తుంది. చెవి మార్చడం సులువు, ఇగ్నిషన్ మార్చడం కాదు.

యంత్రం బిగింపులో పాత లోహపు పొడి ఉంటే చెవి ఒరుగుతుంది, కోత ఒక పక్కకు లోతుగా పడుతుంది. బిగించే ముందు బ్రష్‌తో దులపమనండి. రెండు చెవుల భుజాలూ, అంటే తాళం అంచుకు ఆనే మెట్లు, ఒకే గీతలో ఉండాలి.

కొత్త చెవి ఇబ్బంది పెడితే తప్పు ఎక్కడుందో దాని తీరే చెబుతుంది. దూరడమే బిగుతుగా ఉంటే బ్లాంక్ తప్పు, లేదా పళ్ళ అంచున కోత గరుకు మిగిలింది. హాయిగా దూరి తిరగకపోతే లోతు తప్పు. వెంట్రుకవాసి వెనక్కి లాగితే తిరిగిందంటే లోతు సరిగ్గానే ఉంది, భుజం కుదరలేదు. రెండు వైపులా ఒకే పళ్ళున్న చెవి ఒక వైపు పెడితే తిరిగి, తిరగేసి పెడితే తిరగకపోతే ఒక అంచు కోత చెడింది. గరుకును 400 నంబరు ఎమెరీ కాగితంతో మెల్లగా తీయవచ్చు. లోతు తప్పిన చెవిని మాత్రం ఆకురాయితో రుద్ది సరిచేయనివ్వకండి, మరొకటి కోయించండి.

చిప్ చెవి: నకలు వేరు, నమోదు వేరు

ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ. నకలు అంటే మీ చిప్‌లోని సంకేతాన్ని కొత్త చిప్‌లోకి దింపడం. కారుకు రెండూ ఒకే చెవిలా కనిపిస్తాయి, కంప్యూటర్‌ను ముట్టుకునే పని లేదు. నమోదు అంటే కొత్త చిప్‌ను కారు జ్ఞాపకంలో ఇంకో చెవిగా రాయించడం. ఇది ఓబీడీ పోర్టు, అంటే కారు కంప్యూటర్‌కు పరికరాన్ని తగిలించే సాకెట్, ద్వారా జరుగుతుంది, చాలా కార్లకు రహస్య సంఖ్య కావాలి.

చెవి అరిగిపోతే నకలు చాలు. చెవి పోతే, అది ఎవరికైనా దొరికే అవకాశం ఉంటే, నకలుతో ఆ భయం తీరదు. పోయిన చెవి ఇంకా స్టార్ట్ చేస్తూనే ఉంటుంది. పాతవన్నీ చెరిపి, మీ దగ్గరున్నవి మళ్ళీ నమోదు చేయించాలి. అందుకు మిగిలిన చెవులన్నీ వెంట తీసుకెళ్ళండి, ఇంట్లో వదిలేసింది ఆ రోజు నుంచి పనిచేయదు. కారు బ్యాటరీ బలహీనంగా ఉంటే నమోదు సగంలో ఆగి కంప్యూటర్ చిక్కుల్లో పడుతుంది, 12.4 వోల్టులకు తగ్గితే ముందు ఛార్జి చేయించండి.

ఒక్కటీ లేకపోతే

అద్దం పగలగొట్టకండి, స్టీరింగ్‌ను బలంగా తిప్పి లాక్ విరవబోకండి. పనివాణ్ణి కారు దగ్గరికే పిలిపించండి. చిప్ లేని కారుకు అచ్చు తీసే పద్ధతి ఉంది: నున్నగా చేసిన బ్లాంక్‌ను తలుపు తాళంలో పెట్టి ఒత్తి తిప్పితే, రేకులు తగిలిన చోట సన్నని గుర్తులు పడతాయి. గుర్తున్న చోట రెండు రుద్దులు రుద్ది మళ్ళీ చూస్తాడు, తాళం తిరిగేదాకా. ఇది ఓపికగల పని, తొందరపెడితే బ్లాంక్ తాళంలోనే విరుగుతుంది.

తలుపు తెరుచుకున్నా ఇగ్నిషన్ తిరగకపోవచ్చు. కొన్ని కార్లలో తలుపు తాళంలో రేకులు తక్కువ, ఇగ్నిషన్‌లో ఎక్కువ. లేని ఒకటి రెండు మెట్లను ఒక్కొక్కటిగా కోసి చూడాలి. ఒకే బ్లాంక్‌తో చూడాలంటే తక్కువ లోతు నుంచి మొదలుపెట్టాలి, తీసిన లోహం తిరిగి రాదు.

ఇగ్నిషన్ లాకే మార్చాల్సి వస్తే దాని బోల్టులకు తలలుండవు. బిగించేటప్పుడే తల తెగిపోయేలా చేసినవి అవి, దొంగలు విప్పకుండా. డ్రిల్లింగ్ చేసి తీయాలి. పుదుపేటలో పాత లాక్ సెట్ కొంటే ఇగ్నిషన్, రెండు తలుపులు, డిక్కీ, పెట్రోల్ మూత అన్నీ ఒకే చెవితో తిరుగుతున్నాయో కొట్టు ముందే చూసి, బిల్లు తీసుకోండి. చిప్ కారుకు పాత లాక్ సెట్ ఒక్కటే కొంటే బండి కదలదు. దానికి తగిన చిప్, కంప్యూటర్ కూడా జతగా ఉండాలి.

చెవి బాగున్నా తాళం బిగిస్తే

బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు సముద్రపు గాలికి తాళంలో తెల్లటి పొడి పేరుకుంటుంది, స్ప్రింగులు తుప్పు పడతాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నీళ్ళలో మునిగిన కార్లలో సన్నటి బురద ఎండిపోయి రేకుల మధ్య ఇసుక కాగితంలా పనిచేస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు స్విచ్చులు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి, చెవిని పదిసార్లు దూర్చి తీసి, ప్రతిసారీ గుడ్డతో తుడవండి. గుడ్డకు మురికి అంటడం ఆగాక ఆరనిచ్చి గ్రాఫైట్ పొడి కొద్దిగా వేయండి. లేకపోతే 4బీ పెన్సిల్‌తో చెవిని నల్లగా రుద్ది దూర్చినా సరిపోతుంది. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది, ఇగ్నిషన్ వెనకే స్విచ్ ఉంటుంది, అందుకే అక్కడ చిటికెడు కంటే తక్కువే. ఇంజిన్ ఆయిల్, కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టి ముద్దవుతుంది.

తిరగని చెవిని బలవంతం చేయకండి. స్టీరింగ్‌ను కొద్దిగా ఎడమకో కుడికో పట్టి తిప్పితే చాలాసార్లు వదులుతుంది. చెవి విరిగితే, విరిగిన ముక్క పైకి వచ్చేది తాళం దాన్ని పెట్టిన మొదటి స్థానంలో ఉన్నప్పుడే. సన్నని రంపపు బ్లేడు పళ్ళను చెవి పంటికి తగిలించి లాగాలి. ఫెవిక్విక్ మాత్రం వద్దు, ముక్కతో పాటు రేకులూ అంటుకుపోతాయి.

కాగితాలు

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆర్సీ, గుర్తింపు కార్డు అడుగుతారు. ఆర్సీ నాన్నగారి పేరుమీద ఉంటే ఆయన సంతకంతో ఒక అనుమతి లేఖ, ఆయన గుర్తింపు కార్డు నకలు తీసుకెళ్ళండి. చెవి పోయినప్పుడు పోలీస్ స్టేషన్‌లో రాసిచ్చి సీఎస్ఆర్ రసీదు, అంటే ఫిర్యాదు అందినట్టు ఇచ్చే కాగితం, తీసుకోండి, బీమా సంస్థకూ రాతపూర్వకంగా తెలపండి. రేపు కారు దొంగతనమైతే అసలు చెవులన్నీ చూపమని అడగడం వాళ్ళకు మామూలు. ఒకటి తక్కువైతే ముందే రాసిన ఆ ఉత్తరమే మీకు ఆధారం.

డబ్బు ఇచ్చే ముందు

ప్రతి తాళాన్నీ పదిసార్లు తెరిచి మూసి చూడండి, డిక్కీ, పెట్రోల్ మూత మరవకుండా. ఇగ్నిషన్‌ను అన్ని స్థానాలకూ తిప్పండి. స్టార్ట్ నుంచి వదిలితే తనంతట తాను వెనక్కి రావాలి. ఆన్‌లో ఉండగా లాగితే చెవి ఊడకూడదు. ఊడితే రేకులు అరిగాయి, ఇంకో చెవి కోసినా అది మారదు, బ్యారెల్ చూడాలి. చిప్ చెవి అయితే ఇంజిన్‌ను ఒక నిమిషం నడవనివ్వండి, రెండు క్షణాలకే ఆగిపోయేది అక్కడే తేలుతుంది. రోజూ వాడకానికి కొత్త చెవిని పెట్టుకుని, అసలుదాన్ని నంబరు బిళ్ళతో కలిపి ఇంట్లో దాచండి. కారు చెవికి ఇంటి తాళాల గుత్తి వేలాడదీయకండి, ఆ బరువుకు బ్యారెల్ ఒక పక్కకే అరుగుతుంది.