వాషింగ్ మెషీన్ మొరాయిస్తే లాండ్రోమాట్‌లో ఉతుక్కోవడం ఎలా

జులై ముసురు, ఆదివారం పొద్దున, డ్రమ్ములో నీళ్ళూ బట్టలూ నిండుగా ఉండగా మా మెషీన్ ఆగిపోయింది. పార్టు రావడానికి వారం పడుతుందన్నాడు మెకానిక్. బెంగళూరులో మా బాల్కనీ మూరెడు, అందులో ఎండ జానెడు.

ముందు ఇంట్లో పని. ఫ్రంట్ లోడ్ మెషీన్ అయితే నీళ్ళుండగా తలుపు తెరుచుకోదు, బలంగా లాగి విరగ్గొట్టకండి. ప్లగ్ తీసేసి, కింద మూలన చిన్న మూత తెరిస్తే డ్రెయిన్ ఫిల్టర్ కనిపిస్తుంది, వెడల్పాటి పళ్ళెం పెట్టి దాన్ని మెల్లగా తిప్పుతూ నీళ్ళు వదలండి. వేడినీళ్ళ వాష్ అయితే చల్లారేదాకా ఆగాలి. మా ఫిల్టర్లో ఓ రెండు రూపాయల బిళ్ళ, పిన్నీసు దొరికాయి. చాలా ఇళ్ళలో జబ్బు అక్కడే తేలిపోతుంది, మెకానిక్ ఖర్చు మిగులుతుంది. మాది మాత్రం తేలలేదు.

ఇక లాండ్రోమాట్ అంటే డబ్బు కట్టి అక్కడి మెషీన్లలో మనమే ఉతుక్కునే షాపు. కానీ మ్యాప్‌లో లాండ్రోమాట్ అని కొడితే వచ్చే షాపుల్లో చాలావరకు మనం ఉతుక్కునేవి కావు, బట్టలు తూచుకుని రెండ్రోజుల్లో మడతపెట్టి ఇచ్చేవి. అందుకే ఫోన్ చేసి "మెషీన్ మేమే వేసుకోవచ్చా, డ్రయ్యర్ ఉందా?" అని అడిగాకే బయల్దేరండి. మారతహళ్ళి, బీటీఎం వైపు తెలుగులో అడిగినా జవాబు వస్తుంది. కిలో లెక్క షాపుకే వెళ్ళాల్సి వస్తే తడి బట్టలు ఇవ్వకండి, నీళ్ళకి కూడా మీరే డబ్బు కట్టాలి. మన బట్టలు విడిగా వేస్తారా, పదిమందివి కలిపేస్తారా అన్నదీ ముందే తేల్చుకోండి.

సెల్ఫ్ సర్వీస్ దొరికిందా, బట్టలు వేసేముందు డ్రమ్ములో ఒకసారి చెయ్యి పెట్టి తడమండి, తలుపు దగ్గరి రబ్బరు మడతల్లోనూ చూడండి. ముందువాళ్ళ పెన్ను సిరా మీ తెల్లచొక్కాకి అంటితే ఎవర్నీ అడగలేరు. డ్రమ్ము కుక్కేయకుండా పైన చెయ్యి దూరేంత ఖాళీ వదలండి. అక్కడ సబ్బు ఇస్తారో లేదో కనుక్కోండి, ఇవ్వకపోతే ఫ్రంట్ లోడ్ లిక్విడ్ చిన్న సీసాలో పట్టుకెళ్ళండి, బకెట్‌లో నానబెట్టే పౌడరు వేస్తే నురగ పొంగి సబ్బు సరిగ్గా వదలదు. దుప్పట్లు, తువ్వాళ్ళు 60 డిగ్రీల్లో వేయొచ్చు, మిగతా కాటన్‌కి 40 చాలు, రంగు దిగేవి చన్నీళ్ళలో, అదీ విడిగా.

నిజానికి ముసురు రోజుల్లో అక్కడికి వెళ్ళేది డ్రయ్యర్ కోసమే. అలాగని అన్నీ అందులో పడేయకండి. కాటన్ కుర్తీలు కుంచించుకుపోతాయి, లోదుస్తుల ఎలాస్టిక్ సాగిపోతుంది, జరీ ఉన్నవాటి జోలికి అసలు వెళ్ళొద్దు. జీన్సు, తువ్వాళ్ళు, దుప్పట్లు అక్కడ ఆరబెట్టి, పల్చటివి ఇంటికి తెచ్చి ఫ్యాను కింద వేసుకుంటే సరిపోతుంది. వేసేముందు డ్రయ్యర్ జాలీలో పేరుకున్న దూది తీసేయండి, అది ఉంటే గాలి ఆడదు, బట్టలు ఎంతకీ ఆరవు.

ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, టీకని వెళ్ళి ఆలస్యం చేస్తే వెనకాలవాళ్ళు మీ బట్టలు తీసి బల్లమీద కుప్ప పోస్తారు. వాళ్ళ తప్పేం లేదు. డ్రయ్యర్ ఆగగానే వేడిమీదే మడతపెట్టేస్తే ఇస్త్రీ బాధ సగం తగ్గుతుంది. ఆరినవాటికి వేరే సంచి తీసుకెళ్ళండి. నేను తడి బట్టలు మోసుకెళ్ళిన బకెట్‌లోనే వేసి తెచ్చాను, ఇంటికొచ్చి మళ్ళీ ఆరేశాను.