నాలుగు శ్రుతిలో ‘ఆక్సెల్ ఎఫ్’: కీబోర్డు మీద నేర్చుకుని, మన తప్పెటతో కలపడం ఎలా?

విజయనగరంలో అయ్యకోనేరు గట్టుకి దగ్గర్లో, మా మేడ మీద గదిలో పిల్లలకి కీబోర్డు నేర్పుతాను. చేరిన నెల తిరక్కుండానే ‘మాస్టారూ, ఆ కప్ప పాట నేర్పండి’ అంటారు. నేను కప్ప పాట నేర్పను. దాని అసలుది నేర్పుతాను. అది వచ్చాక కప్ప పాట దానంతటదే వచ్చేస్తుంది.

అసలుది 1984లో వచ్చిన ‘బెవర్లీ హిల్స్ కాప్’ సినిమా కోసం జర్మనీకి చెందిన హెరాల్డ్ ఫాల్టర్‌మేయర్ కట్టిన వాద్య సంగీతం. ఎడ్డీ మర్ఫీ వేసిన పోలీసు పాత్ర పేరు ఆక్సెల్ ఫోలీ. ఆ పేరు మీదే దీన్ని ‘ఆక్సెల్ ఎఫ్’ అన్నారు. మాట ఒక్కటీ లేదు, గాయకుడు లేడు. అయినా ఒకసారి విన్నవాళ్ళు మర్చిపోలేరు.

కీబోర్డు తెరిచే ముందు మూడు రికార్డులు వరసగా వినండి. ముందు 1984 నాటిది. తర్వాత 1995లో క్లాక్ అనే బ్రిటిష్ డాన్స్ గ్రూపు చేసినది. ఆఖర్న 2005లో క్రేజీ ఫ్రాగ్ పేరుతో వచ్చి బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళినది. అందులో కప్ప చేసే ‘డింగ్ డింగ్’ గోల, 1997లో స్వీడన్ కుర్రాడు డానియెల్ మాల్మెడాల్ మోపెడ్ ఇంజన్ చప్పుడుని నోటితో అనుకరించినది. వాయిద్యాలు మారాయి, వేగం మారింది, మధ్యలో మనిషి నోరు కూడా వచ్చి చేరింది. మారనిది నడక. మీరు పట్టుకోవలసింది దాన్నే.

అందుకని మొదటి రెండు రోజులు నేను కీబోర్డు ముట్టుకోనివ్వను. తొడ మీద తాళం వేస్తూ నోటితో చెప్పిస్తాను. ఒక ఆవర్తానికి పదహారు మాత్రలు. మొదటి వరస ఇలా చెప్పండి:

తకధిమి తకిట తక త తక తక తక

నాలుగు, మూడు, రెండు, ఒకటి, తర్వాత మూడు రెండ్లు. మొత్తం పదహారు. నడుమ ఒంటరిగా ఉన్న ఆ ‘త’ ఉంది చూశారా, ప్రాణమంతా అక్కడే ఉంది. దాన్ని కాస్త సాగదీస్తే ట్యూన్ చచ్చుబడిపోతుంది. స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నా ఏదో తేడాగా ఉందని పిల్లలు టెన్షన్ పడేది ఇక్కడే.

ఇక స్వరాలు. ఇది ఎఫ్ మైనర్. మన లెక్కలో ఎఫ్ అంటే నాలుగు శ్రుతి, అదే మీ ‘స’. స్వరస్థానాలు నటభైరవి రాగానివి. మూడు వరసల్లో ఏడు స్వరాలూ వచ్చేస్తాయి:

మొదటి వరస: స గ స స మ స ని (ఈ ‘ని’ కిందిది)
రెండో వరస: స ప స స ద ప గ
మూడో వరస: స ప స స ని ని ప రి స

మూడో వరసలో మూడో అక్షరం పై ‘స’. దాని తర్వాత వచ్చే ‘ని’లు రెండూ, ‘ప’ కింది స్థాయివి. రెండో వరస నడక మొదటిదే. మూడోది వేరు: తక తక తక త తక త తక తక. పద్నాలుగు మాత్రలు అయ్యాక పదిహేనో దాని మీద ‘స’ పడి, అలాగే సాగుతుంది.

1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మాది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో వయొలిన్ సాధన చేసే పిల్లలూ ఉంటారు. వాళ్ళకి ముందే చెబుతాను, ఇక్కడ గమకం, అంటే స్వరాన్ని ఊపడం, వద్దమ్మా అని. గాంధారాన్ని (‘గ’ని) కదిపితే అందంగానే ఉంటుంది, కానీ అది ఈ ట్యూన్ కాదు. ప్రతి స్వరం తలుపు మీద వేలితో కొట్టినట్టు పొట్టిగా, విడిగా పడాలి.

కుడిచేతి వేళ్ళ సంగతి. మొదటి వరసకి బొటనవేలు ‘ఈ ఫ్లాట్’ (E♭, అదే కింది ‘ని’) మీద, చూపుడు వేలు ఎఫ్ మీద ఉంచండి. వరస చివర కింది ‘ని’ బొటనవేలితో పలుకుతుంది. వెంటనే అదే వేలు ఆ నల్లమెట్టు మీంచి, పక్కనున్న తెల్లమెట్టుని దాటి, దాని తర్వాతి తెల్లమెట్టు మీదకి, అంటే ఎఫ్ మీదకి, గెంతాలి. రెండో వరస అక్కణ్ణుంచి మొదలు. ఆ ఒక్క గెంతునే యాభైసార్లు చేయండి, మిగతాది సులువు. మూడో వరసలో బొటనవేలు కింది ‘స’ మీద, చిటికెన వేలు పై ‘స’ మీద. చిన్నపిల్లల చెయ్యి అంత చాపుకోకపోతే చేతినే ఎత్తి జరపనివ్వండి.

మెట్రోనోమ్ (టిక్ టిక్‌మంటూ వేగం చూపేది) నిమిషానికి 60 మీద పెట్టి, ఒక్కో టిక్కుకి నాలుగు మాత్రల చొప్పున మొదలుపెట్టండి. తప్పు లేకుండా పదిసార్లు వస్తేనే ఐదు పెంచండి. అసలు రికార్డు వేగం 117 దగ్గర ఉంటుంది.

శబ్దం: ఫాల్టర్‌మేయర్ ఈ ట్యూన్‌ని రోలాండ్ జూపిటర్-8 మీద, బేస్‌ని మూగ్ మాడ్యులర్ మీద, మారింబా లాంటి ధ్వనిని యమహా డీఎక్స్7 మీద వాయించారు. దరువు లిన్‌డ్రమ్ అనే డ్రమ్ మెషీన్‌ది. అవన్నీ మనకెందుకు? ఇంట్లో ఉండే మామూలు కీబోర్డులో ‘సా లీడ్’ గానీ ‘సింథ్ లీడ్’ గానీ వెతకండి. రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) బాగా తగ్గించండి, లేకపోతే ఆ ఒంటరి ‘త’ మునిగిపోతుంది.

వాయించే ముందు ట్రాన్స్‌పోజ్ (కీబోర్డు శ్రుతిని పైకీ కిందికీ మార్చే బటన్) సున్నా మీద ఉందో లేదో చూసుకోండి. ఒక పెళ్ళి కచేరీలో అంతకుముందు పాటకి రెండు మెట్లు పెంచి, దించడం మర్చిపోయాను. నేను ఒక శ్రుతిలో, గిటారు ఇంకో శ్రుతిలో. మూడో వరస దాకా ఏమైందో నాకే అర్థం కాలేదు. అప్పట్నుంచి ఆ బటన్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించి ఉంచాను.

ఇంతవరకూ వచ్చాక మీ సొంత రీమిక్స్ చేయండి. నాకు ఇష్టమైనది చెబుతాను. మా వైపు తప్పెటగుళ్ళు ఉన్నాయి కదా, గుండె మీద తప్పెట కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో ఆడతారు. డ్రమ్ మెషీన్ బదులు ఆ దరువు పెట్టాను. మొదటిసారి వాళ్ళ చెవిలో మెట్రోనోమ్ క్లిక్ పెట్టి వాయించమన్నాను, ఆట కట్టుబడిపోయింది. రెండోసారి క్లిక్ తీసేసి, వాళ్ళని వాళ్ళ వేగంలో ఆడనిచ్చి, ఫోన్‌లో రికార్డు చేసి, నా ట్యూన్‌ని దాని వేగానికి సర్దుకున్నాను. అప్పుడు కుదిరింది. ఫోన్‌ని తప్పెట ఎదురుగా కాకుండా ఓ పక్కన, ఆరేడు అడుగుల దూరంలో, మోకాలి ఎత్తున పెట్టండి. దగ్గరగా పెడితే దెబ్బ పగిలిపోతుంది, ఎత్తులో పెడితే గజ్జెలు వినపడవు.

ట్యూన్‌ని దరువు మొదటి దెబ్బ మీదే ఎత్తుకోకండి. నాలుగు ఆవర్తాలు తప్పెటని ఒంటరిగా వదలండి. వినేవాళ్ళ కాలు కదిలాక ‘తకధిమి’ అందుకోండి.